ముందు చేతి బరువు

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. మా అక్కకు మాత్రం నా నాలుగో ఏట నుంచే తెలుసట. మా గాజు కర్మాగారంలో నన్నందరూ ‘లాయరు’ అంటారు. చదివింది పదో తరగతే. క్యాంటీన్‌లో టీ చల్లారిపోయిందని మేనేజరుతో ముప్పావుగంట వాదించినందుకు వచ్చిన బిరుదు అది. అలాంటివాణ్ణి, నిజంగా వాదించాల్సిన చోట కిక్కురుమనకుండా సంతకం పెట్టాను. నేను పెట్టడమే కాక మా బావ చేత కూడా పెట్టించాను. ఆయన చెయ్యి కథ చెప్పాలంటే ముందు ఆ సంతకం కథ చెప్పాలి.

దానికంటే ముందు మా పనేమిటో చెప్పాలి. కోత బల్ల మీద నుంచి దిగిన గాజు పలకల్ని చట్రాలు బిగించే గదికి చేర్చడం మా పని. యంత్రం ఉంది, కానీ నడవా మలుపులో అది తిరగదు. మనుషులు తిరుగుతారు. ఒక పలకకు ఇద్దరు, ఒకడు ముందు, ఒకడు వెనక. పలకను నిలువుగా పట్టుకోవాలి. కుడి చెయ్యి కింద, ఎడమ చెయ్యి పై అంచు మీద. ముందువాడు గొంతు సవరించుకుంటాడు, వెనకవాడు ఎత్తుతాడు. అంతే, ఆ తర్వాత మాటలుండవు. మాట్లాడితే ఊపిరి మారుతుంది, ఊపిరి మారితే అడుగు మారుతుంది, అడుగు మారితే గాజు పోతుంది. ముందువాడు ఆగితే ఆగాలి, నడిస్తే నడవాలి. ఎందుకని అడిగే తీరిక ఉండదు.

పంతొమ్మిదేళ్ళు మా బావ ముందు, నేను వెనక. ఆయన మా అక్కను పెళ్ళి చేసుకోవడానికి రెండేళ్ళ ముందు నుంచే మాది జోడీ. నా మొహం నేను అద్దంలో చూసుకున్నదానికంటే ఆయన మెడ వెనక భాగాన్ని చూసిందే ఎక్కువ. కుడి చెవి కింద పుట్టుమచ్చ, ఎంత దువ్వినా లొంగని సుడి, వేసవిలో కాలర్ మీద చెమట గీసే తెల్ల గీత, అన్నీ నాకు కంఠతా వచ్చు. “నయం, నేను ముందున్నాను. నీ మెడ చూస్తూ పంతొమ్మిదేళ్ళు నడవాలంటే సన్యాసంలో కలిసేవాణ్ణి” అనేవాడు బావ.

అయిదేళ్ళ కిందట ప్రభుత్వం పింఛన్ల పద్ధతి మార్చింది. అప్పటిదాకా మా జీతాల్లో కోసిన డబ్బు ప్రభుత్వం నడిపే నిధిలోకి పోయేది. అందరి డబ్బూ ఒకచోటే. ముసలివాళ్ళకూ అందులోంచే, కాలో చెయ్యో చచ్చుబడినవాళ్ళకూ అందులోంచే. ఎన్నాళ్ళు కట్టావని కాక, నీకేం వచ్చిపడిందని చూసేవాళ్ళు. కొత్త పద్ధతిలో ఎవరి డబ్బు వాళ్ళ సొంత ఖాతాలో పడుతుంది, ఆ ఖాతాను ఒక ప్రైవేటు కంపెనీ పెంచుతుంది. నలభై అయిదు లోపువాళ్ళు పాతదో కొత్తదో తేల్చుకోవచ్చన్నారు.

కంపెనీవాళ్ళు మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చారు. తలా ఒక పెన్ను, తలా ఒక టోపీ పంచారు. గోడకు ఒక పటం తగిలించారు. అందులో ఒక ఎర్ర గీత కింద నుంచి పైకి ఎక్కుతూ పోయి, పటం చాలక ఆగిపోయింది. నేనూరుకుంటానా? సరుకు చీటీ వెనక లెక్కలు వేశాను. అరవై అయిదో ఏట పాత పద్ధతిలో ఎంతొస్తుంది, కొత్త పద్ధతిలో ఎంతొస్తుంది. కొత్తదాన్లో రెట్టింపు తేలింది. బల్ల మీదెక్కి మరీ అందరికీ వివరించాను. కంపెనీవాడి కంటే నేనే బాగా చెప్పానని వాడే ఇంకో టోపీ ఇచ్చాడు.

వాళ్ళిచ్చిన ముప్ఫై పేజీల ఒప్పందం కాగితం నేను చదివాను. చదవలేదని అబద్ధమాడితే నాకే నయంగా ఉండేది. ఇరవై రెండో పేజీలో ఉంది. మధ్యలో వైకల్యం వస్తే ఒక బీమా సంస్థ పరీక్ష చేయిస్తుంది, ఆ మనిషి ఏ పనీ చెయ్యలేడని తేలితేనే నెలనెలా భృతి ఇస్తుంది. లేదంటే అరవై అయిదు నిండేదాకా ఖాతాలో డబ్బు ముట్టుకోవడానికి లేదు. నేను ఆ పేజీ చదివి, తిప్పేశాను. మాకందరికీ ముసలితనం వస్తుందనే అనుకున్నాం కానీ, దానికి ముందు ఇంకేదైనా రావచ్చని ఎవరికీ తోచలేదు.

నేను సంతకం పెట్టి పెన్ను బావకిచ్చాను. “చదవవా?” అని అడిగాను.

“నువ్వు చదివావుగా.”

“నీ డబ్బు బావా. నువ్వు కూడా చూసుకోవాలి.”

“ఒరే, నువ్వు అడుగేశాక నేను ఆగితే పలక ఏమవుతుంది?” అని నవ్వి, పెట్టేశాడు. జోడీలన్నీ అలాగే పెట్టాయి. ఒకడు పెడితే రెండోవాడు పెట్టాడు. అది మా పని మాకు నేర్పిన అలవాటు.

పెట్టనివాడు ఒక్కడే. మీసాలాయన. బల్ల దగ్గర కోత పని చేసేవాడు. చివరిదాకా చదవంది దేనిమీదా సంతకం పెట్టనని ఆ ముప్ఫై పేజీలూ ఇంటికి పట్టుకెళ్ళాడు. గడువు దాటిపోయినా చదవడం పూర్తి కాలేదు. నేనాయన్ని ఎంత ఏడిపించానో. మరుసటేడు ఆయన మోకాలు అరిగిపోతే ప్రభుత్వ డాక్టరు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడట, “మళ్ళీ నీ పని చెయ్యగలవా?” అని. చెయ్యలేనన్నాడట. ముద్ర పడింది. బతికున్నంతకాలం సగం జీతం. “ఏం లాయరూ, ఆ కాగితాల్లో ఇప్పుడు ఏడో పేజీకొచ్చా” అంటాడు కనిపించినప్పుడల్లా. నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఇరవై ఏళ్ళకు దగ్గర పడుతున్నా బావ ఒంటి మీద గాజు గీత ఒక్కటి లేదు. ఒక ఆదివారం పొద్దున మంచినీళ్ళ డబ్బాతో వాళ్ళింటి మెట్లు ఎక్కుతూ కాలు జారాడు. కుడి మోచెయ్యి మెట్ల పక్కనున్న ఇనుప కమ్మీల మధ్య ఇరుక్కుని, ఒళ్ళంతా దాని మీద పడింది. ఎముక అతికింది. నరం అతకలేదు. వేళ్ళు ముడుచుకుంటాయి, కానీ పట్టుండదు. వేడీ తెలియదు, చల్లనా తెలియదు. టీ గ్లాసు పట్టుకున్నాడో లేదో కళ్ళతో చూసుకుంటే తప్ప ఆయనకు తెలియదు. పనిలో తగిలిన దెబ్బ కాదు కాబట్టి కర్మాగారం ఒక దండ వేసి, ఒక గడియారం ఇచ్చి, చేతులు దులుపుకుంది. అప్పటికి బావకు నలభై మూడు. అరవై అయిదుకు ఇరవై రెండేళ్ళు.

నాకు కొత్త జోడీ ఇచ్చారు. ఆయన పేరు ఎందుకు, అందరూ ‘గొణుగుడు’ అంటారు. మోస్తున్నంతసేపూ లోలోపల ఏదో గొణుగుతూనే ఉంటాడు. ఒక రోజు వాళ్ళావిడ మీద, ఒక రోజు వాతావరణం మీద. మంచివాడే. కానీ ఆ మెడ చూస్తే నాకు ఏడుపొచ్చేది. లావుగా, సుడీ మచ్చా లేకుండా, ఎవరిదో పరాయి మెడ. ఒక్కోసారి మలుపు దగ్గర కళ్ళు మూసుకునేవాణ్ణి. ముందు నడిచేది బావ అనుకునేవాణ్ణి. అంతలో గొణుగుడు మొదలయ్యేది.

రోజూ పని దిగాక వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. బావ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉండేవాడు. గడ్డం మాసిపోయి, అన్నం కెలికి వదిలేసి. నన్ను చూడగానే ఒకటే ప్రశ్న.

“ఇవాళ ఎన్ని?”

“నూట పది.”

“పగిలాయా?”

“ఒకటి.”

“మలుపులోనేనా?”

“మలుపులోనే.”

“ఆ గొణుగుడుగాడు ఎడం కాలు ముందు పెడతాడు. నేను చూశాను. వాడికి చెప్పు.” చెప్పి, మళ్ళీ కిటికీలోంచి బయటకు చూసేవాడు. కిందనుంచి గాజు లారీ వెళ్తే చప్పుడును బట్టి ఎంత మందం పలకలో చెప్పేవాడు. తప్పేవాడు కాదు. పని మీద అంత బెంగ పెట్టుకున్న మనిషిని నేనింకెక్కడా చూడలేదు. నాకు మాత్రం బెంగ లేదా? ఆయనకు పని మీద, నాకు ఆయన మీద.

ఇల్లు గడిచేది అక్క మీదే. లాండ్రీలో ఇస్త్రీ చేసేది. పొద్దుటి పాళీ చాలక సాయంత్రం పాళీ కూడా ఒప్పుకుంది. ఇంటి ఓనరు రెండు నెలలు ఆగాడు, మూడో నెల ఖాళీ చెయ్యమని చెప్పేశాడు. భృతి మంజూరైతే ఆ ఇంట్లో ఉంటారు. కాకపోతే ఊరి చివర ఒంటి గది, అక్కకు పనికి వెళ్ళిరావడానికే మూడు గంటలు. ఆ బీమా సంస్థ చెయ్యబోయే పరీక్ష మీదే అంతా ఆధారపడింది.

దెబ్బ తగిలిన ఎనిమిది నెలలకు పిలుపొచ్చింది. నేను సెలవు పెట్టి బావను తీసుకెళ్ళాను. మూడో అంతస్తులో ఆఫీసు. లోపల మరమ్మతులు జరుగుతున్నాయి, కొత్తగా గాజు అడ్డుగోడలు బిగిస్తున్నారు. డాక్టరమ్మకు యాభై ఏళ్ళుంటాయి, మాట మెత్తన. ఒక పిడిని బావ కుడి చేతిలో పెట్టి గట్టిగా నొక్కమంది. దానికి పట్టు కొలిచే ముల్లుంది, అది కదల్లేదు. మళ్ళీ నొక్కమంది. బావ నుదుటి మీద చెమట పట్టింది కానీ ముల్లు కదల్లేదు. మూడోసారి ఆవిడే వద్దని పిడి తీసేసుకుంది. “నేను చూసింది రాస్తాను. కంగారు పడకండి” అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

బయటికొచ్చాం. నడవాలో గోడకు ఆనించి ఒక పలక ఉంది. మనిషెత్తు పలక, పాతిక కిలోలు ఉంటుంది. బిగించేవాళ్ళు ఎక్కడికో టీకి పోయారు. నున్నటి నేల మీద, కింద చెక్క ముక్క కూడా లేకుండా, దాదాపు నిట్టనిలువుగా నిలబెట్టారు. ఎవరి భుజం తగిలినా అంతే సంగతులు. ఆ నడవాలో వచ్చిపోయేవాళ్ళంతా కర్రలతో, కుంటుకుంటూ నడిచేవాళ్ళు. ఎదుటి బల్ల మీద ఒక ముసలావిడ చంకకర్రలు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది.

బావ ఆగిపోయాడు. “ఏ వెధవ ఆనించాడురా దీన్ని ఇలా?”

“వాళ్ళనే పిలుద్దాం బావా” అన్నాను కానీ, నా కాళ్ళూ కదల్లేదు. ఇంకెవరైనా అయితే పక్కనుంచి వెళ్ళిపోతారు. గాజు పనివాళ్ళం, అలా నిలబెట్టిన పలకను చూసి వెళ్ళిపోవడం మా వల్ల కాదు. నడవా చివర మూలన చెక్క దిమ్మలు పేర్చి ఉన్నాయి. బావ వాటిని చూశాడు. నేనూ చూశాను. ఆయన వెళ్ళి పలక ముందు భాగం దగ్గర నిలబడ్డాడు. కుడి చెయ్యి కిందికి పోనిచ్చాడు. ఎడమ చెయ్యి పై అంచు మీద వేశాడు. గొంతు సవరించుకున్నాడు.

నేను ఎత్తాను.

మొదటి అడుగులోనే తెలిసిపోయింది. బరువంతా నా మీదే పడింది. కింద చేతిని మధ్యకు జరిపాను, పలకను పొట్టకు ఆనించుకున్నాను, మణికట్టు భగ్గుమంది. అక్కడే ఆగాలి. దించు బావా, నీ వల్ల కాదు అనాలి. కానీ నా ఎదురుగా ఆయన మెడ ఉంది. పుట్టుమచ్చ, సుడి, కాలర్. ఎనిమిది నెలలుగా ఏ మెడ కోసం మొహం వాచిపోయానో అదే మెడ. నిటారుగా, తొణక్కుండా, ముందుకు నడుస్తోంది. నాకు ఆపబుద్ధి కాలేదు. నిజం చెప్పాలంటే ఆ నడవా ఇంకా పొడుగుంటే బాగుండుననిపించింది. తొమ్మిది అడుగులు నడిచాం.

దిమ్మల మీద దించి బావ నా వైపు తిరిగాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. “చూశావా? పోలేదురా. చెయ్యి పూర్తిగా పోలేదు.”

“లేదు బావా” అన్నాను. ఇంకేమనాలి?

అప్పుడు చూశాను. తరువాతి మనిషిని పిలవడానికి డాక్టరమ్మ తలుపు తీసి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ముసలావిడను లోపలికి పిలిచి తలుపేసుకుంది.

రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. అక్క బల్ల దగ్గర నిలబడే చదివింది. “పరీక్ష ముగిసిన వెంటనే దరఖాస్తుదారు భారీ గాజు పలకను మరొకరితో కలిసి మోయడం కంటపడింది. కనుక పని చేసే శక్తి పూర్తిగా పోయిందని భావించలేము.” అక్క కాగితం మడిచి, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

బావ మాత్రం, “మోశాను కదా మరి. ఆవిడ చూసిందే రాసింది” అన్నాడు. ఆ గొంతులో బాధ లేదు. గర్వం ఉంది.

ఆ రోజు నుంచి ఆయన మనిషే మారిపోయాడు. ఎడమ చేత్తో గడ్డం గీసుకున్నాడు. అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు. కింద కొట్టువాడికి చెప్పాడు, మంగలికి చెప్పాడు, అద్దె అడగడానికి వచ్చిన ఓనరుకు కూడా చెప్పాడు, తొమ్మిది అడుగులు మోశానని. ఓనరు తెల్లమొహం వేశాడు. పొద్దున లేచి ఇసక డబ్బా ఒకటి కుడి చేతికి తగిలించుకుని గదిలో అటూ ఇటూ తిరిగేవాడు. మూడు నెలల్లో మళ్ళీ పనికి వస్తానని, గొణుగుడుగాణ్ణి వేరే జోడీలో వెయ్యమని మేస్త్రీకి చెప్పమని నా ప్రాణం తీసేవాడు. చెబుతానులే అనేవాణ్ణి. ఆయన నవ్వుతుంటే నేనూ నవ్వేవాణ్ణి. ఇంటికెళ్ళాక నా మీద నాకే కడుపు మండేది.

అప్పీలుకు నెల రోజులు గడువిచ్చారు. నేను లాండ్రీకి వెళ్ళి అక్కను పట్టుకున్నాను. ఆవిరిలో నిలబడి ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. చెయ్యి ఆపకుండానే అడిగింది.

“నిజం చెప్పు. ఆ రోజు ఆయనెంత మోశాడు?”

నేను గోడ మీది గడియారం వైపు చూశాను.

“నిన్నేరా.”

“ఏమీ మోయలేదక్కా. చెయ్యి పెట్టాడంతే. మొత్తం నేనే మోశాను.”

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. దుప్పటి అంచులు సరిచేసింది. “అదే మాట అక్కడ చెప్పు” అంది.

“ఆయన పక్కనే కూర్చుంటాడక్కా. వింటాడు.”

“తెలుసు.”

“ఆ తొమ్మిది అడుగుల మీదే బతుకుతున్నాడు ఆయన.”

“నాకు చెబుతున్నావా?” అక్క దుప్పటి విసురుగా మడిచింది. “ఎనిమిది నెలలు ఆయన నవ్వితే చూడాలని నేను మొహం వాచి ఉన్నాను. ఇప్పుడు నవ్వుతున్నాడు. నవ్వు కావాలా, ఇల్లు కావాలా అని మాత్రం నన్నడక్కు. రెండు పాళీలు చేసి ఇంటికెళ్ళే మనిషిని. నన్నేమీ అడక్కు.” మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది.

అప్పీలు రోజున ఒక పొడుగు బల్లకు అటు ముగ్గురు, ఇటు మేమిద్దరం. మధ్యలో కళ్ళజోడు పెద్దాయన, ఒక పక్క డాక్టరమ్మ, ఇంకో పక్క కాగితాలు రాసుకునే మనిషి. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అది తనది కాదన్నట్టు ఒకటికి రెండుసార్లు దాన్ని సర్దుకున్నాడు.

“పలక మోస్తుండగా చూశామని రాసి ఉంది. మీరేమంటారు?” అన్నాడు పెద్దాయన నాతో.

“మోసింది నేనండీ. మా బావ మోయలేదు.”

బావ తల నా వైపు తిరగడం తెలుస్తోంది. నేను చూడలేదు.

“మీరు వెనక ఉన్నారు. ముందున్న మనిషి ఎంత మోస్తున్నాడో మీకెలా తెలుస్తుంది?”

“పంతొమ్మిదేళ్ళు ఆయన వెనకే ఉన్నానండీ. ఆయనకి ముందురోజు నిద్ర లేకపోయినా నా మణికట్టుకి తెలిసిపోయేది. మా అక్కతో పోట్లాడి వచ్చినా తెలిసిపోయేది.”

“సరే. ఆ రోజు ఏం తెలిసింది?”

వాదనంటే నాకు సరదా అనుకుంటారు అందరూ. బల్ల చెక్క మీద ఎవరో పెన్నుతో గీసిన గీతను చూస్తూ ఉండిపోయాను. ఇంటి ఓనరు మొహం గుర్తొచ్చింది. ఆవిరిలో అక్క మొహం గుర్తొచ్చింది. ఇరవై రెండో పేజీ గుర్తొచ్చింది.

“ముందు ఎవరూ లేనట్టుందండీ” అన్నాను. “ఖాళీ. ఆయన చెయ్యి పలక కిందే ఉంది, బరువు మాత్రం ఒక్క కాగితమంత కూడా దాని మీద లేదు. వేళ్ళకి ఏం తగిలిందో ఆయనకి తెలియదు. అందుకని మోస్తున్నాననుకున్నాడు. నేను పలకని పొట్టకి ఆనించి లాక్కొచ్చాను. నా మణికట్టు వారం రోజులు వాచింది.”

పెద్దాయన పెన్ను కింద పెట్టాడు. డాక్టరమ్మ ముందుకు వంగింది.

“ఆ చెయ్యి సంగతి మీకు తెలుసు. లోపల పరీక్షలో మీరూ చూశారు. మరి ఎందుకెత్తారు?”

“ఆయన గొంతు సవరించుకున్నాడండీ.”

వాళ్ళకు అర్థం కాలేదు. ఎలా అర్థమవుతుంది?

“అప్పటికి ఆయన వెనక నడిచి ఎనిమిది నెలలైందండీ” అన్నాను. “నాకు నడవాలనిపించింది. ఆయన మోయడం లేదని మొదటి అడుగులోనే తెలుసు. అయినా తొమ్మిది అడుగులూ నడిచాను. తప్పు నాది. దానికి ఆయన డబ్బు ఆపకండి.”

పెద్దాయన బావ వైపు తిరిగి, మీరేమైనా చెబుతారా అని అడిగాడు. బావ కుడి చేతిని ఎడమ చేత్తో తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని కొంచెంసేపు చూశాడు.

“మా బావమరిదిని అందరూ లాయరంటారండీ” అన్నాడు. “వాడు చెప్పాక ఇంక నేను చెప్పేదేముంది?”

మమ్మల్ని బయట కూర్చోమన్నారు. పావుగంట. తర్వాత పిలిచి చెప్పారు. డాక్టరమ్మ మొదట రాసిన పట్టు లెక్కనే తీసుకున్నారు. భృతి మంజూరు. మీసాలాయనకు వచ్చినట్టు సగం జీతం కాదు, ఖాతాలో పోగైనదాన్ని బట్టి జీతంలో మూడో వంతు కంటే కాస్త తక్కువ. అదీ బతికున్నంతకాలం అని కాదు. రెండేళ్ళకొకసారి మళ్ళీ పరీక్ష ఉంటుంది, మళ్ళీ రుజువు చూపించాలి. సరేనన్నాం. అద్దెకు సరిపోతుంది. అక్క సాయంత్రం పాళీ మానేయొచ్చు. నేను ఫోన్ చేసి చెబితే అక్క “ఊఁ” అంది, తరువాత “ఆయనేం చేస్తున్నాడు?” అంది. ఏమీ చెయ్యడం లేదన్నాను.

బస్టాపులో మేమిద్దరమే. ఎండ నడినెత్తిన ఉంది. బావ సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు, నేను నిలబడ్డాను. తిడతాడు, లేకపోతే జన్మలో మాట్లాడడు అనుకున్నాను. రెండింటికీ సిద్ధపడే వచ్చాను. ఒక బస్సు వచ్చి వెళ్ళింది, మాది కాదు.

“ఒరే లాయరూ.”

“ఊఁ.”

“ఇంత బాగా అబద్ధమాడతావని నాకు తెలీదురా.”

నేను తలెత్తి చూశాను. నవ్వుతున్నాడు.

“ముందు ఎవరూ లేనట్టుందట. ఆ దెబ్బకి పెద్దాయన పెన్ను కింద పడేశాడు, చూశావా? మోసింది నేను కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నేనే నమ్మేసేవాణ్ణి.”

టీ చల్లారినందుకు ముప్పావుగంట వాదించినవాణ్ణి. అబద్ధం కాదు బావా, అదే నిజం అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆయన మొహంలోకి చూశాను. నన్నాటపట్టిస్తున్నాడేమో, అన్నీ తెలిసే అంటున్నాడేమో అని వెతికాను. అలాంటిదేమీ కనిపించలేదు. నా కోసం ఇంత చేశావురా అన్న మెప్పే కనిపించింది.

“ఏం చెయ్యను బావా. అవసరం అలాంటిది” అన్నాను.

“మీ అక్కకి చెప్పకు. నా తమ్ముడు అబద్ధం ఆడాడని బాధపడుతుంది.”

“చెప్పను.”

“రెండేళ్ళకి మళ్ళీ ఆడాలి. ఇంతే బాగా ఆడాలి మరి.”

“ఆడతాను బావా.”

“వాళ్ళడిగినన్నిసార్లు ఆడాలి.”

“అడిగినన్నిసార్లూ ఆడతాను.”

తృప్తిగా తలూపి, కుడి చేతిని ఒళ్ళోకి తీసుకుని ఎండలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆ పూట నేను ఆ గదిలో చెప్పినదంతా ఒట్టి అబద్ధమైపోతే ఎంత బాగుండును అనుకున్నాను. నేను అబద్ధాలకోరునైనా సరే, ఆ తొమ్మిది అడుగులూ ఆయనే మోసి ఉంటే ఎంత బాగుండును అనుకున్నాను. మా బస్సు ఇంకా రాలేదు.